ఒక్క గేమ్ కోసం డేటాబేస్: కారో-కాన్ ఆడే ప్రత్యర్థికి మేం ఎలా తయారయ్యాం

చెస్ రేటింగ్ టోర్నమెంట్లలో చాలావరకు రోజుకు రెండు రౌండ్లు ఉంటాయి. సాయంత్రం రౌండ్ ముగిసి, ఆఖరి బోర్డు ఫలితం కూడా ఆర్బిటర్ (పోటీ నడిపే అంపైర్) చేతికి వెళ్లాక, ఏ రాత్రి తొమ్మిదింటికో చెస్-రిజల్ట్స్ వెబ్‌సైట్‌లో మరుసటి ఉదయం పెయిరింగ్, అంటే ఎవరితో ఎవరు ఆడాలన్నది కనిపిస్తుంది. పిల్లవాడి భోజనం, నిద్ర పక్కన పెడితే తయారీకి గంటన్నర మిగులుతుంది. గ్రాండ్‌మాస్టర్లు నెలల తరబడి చేసే పనిని ఆ గంటన్నరలో చేయలేం. అందుకే ఏం చూడాలి, ఏది వదిలేయాలి అన్నది ముందే తేల్చుకోవాలి. ఓపెనింగ్ ఎత్తుల కంటే ప్రత్యర్థి గేములను చివరిదాకా చదవడం ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకో ఈ కేసులో వివరంగా రాస్తున్నాను.

నా దగ్గర చెస్ నేర్చుకునే అబ్బాయికి పద్నాలుగేళ్లు, రేటింగ్ 1700 పైచిలుకు. తెల్లపావులతో ఎప్పుడూ 1.ఈ4 ఆడతాడు, అంటే మొదటి ఎత్తుకు రాజు ముందున్న బంటును రెండు గళ్లు తోస్తాడు. ప్రత్యర్థి 1900 దాటిన పెద్దాయన, ఎన్నో ఏళ్లుగా టోర్నమెంట్లు ఆడుతున్నవారు. టైమ్ కంట్రోల్ 90 నిమిషాలు, ఎత్తుకు 30 సెకన్లు అదనం. మావాడికి తెల్లపావులు. ఇద్దరి పేర్లూ ఇక్కడ ఇవ్వడం లేదు.

మొదటి పని గేములు పోగేయడం. మన పేర్లతో ఇది అనుకున్నంత సులువు కాదు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం. డేటాబేస్‌లో ఒకచోట ఇంటిపేరు పూర్తిగా ఉండి పేరుకు ఒక్క అక్షరం మిగులుతుంది, మరోచోట అది తిరగబడుతుంది. గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటల హరికృష్ణ అంతటి ఆటగాడు కూడా కొన్ని ఫైళ్లలో పూర్తి పేరుతో, కొన్నింట్లో 'హరికృష్ణ, పి' అని ఉంటారు. ఇక స్పెల్లింగ్ సంగతి సరేసరి. లక్ష్మి అన్న పేరును ఇంగ్లిష్‌లో ఒకరు ఎక్స్‌తో రాస్తారు, ఇంకొకరు కె-ఎస్-హెచ్‌తో రాస్తారు. అందుకే పూర్తి పేరు కొట్టి వెతకకుండా, మారే అవకాశం లేని నాలుగైదు అక్షరాలతో వెతుకుతాను. వచ్చిన వాటిని ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) ప్రొఫైల్‌లో కనిపించే టోర్నమెంట్లతో, అప్పటి రేటింగ్‌తో సరిపోల్చి, ఆయనవే అని తేలినవి మాత్రం విడిగా ఒక చిన్న డేటాబేస్‌లోకి కాపీ చేస్తాను. ఇదే పేరున్న మరో ఆటగాడి గేములు కలిసిపోతే ఆ తర్వాత చేసే పనంతా వృథా.

రేటింగ్‌ల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. 2024 మార్చి 1న ఫిడే, 2000 లోపు రేటింగ్‌లన్నింటినీ ఒకేసారి పెంచింది. 2000కి ఎంత తక్కువ ఉందో అందులో 40 శాతం కలిపారు. అంటే అంతకుముందు 1500 ఉన్నవారు 1700 అయ్యారు. పాత గేములో ప్రత్యర్థి 1550 వాడితో డ్రా చేసుకున్నట్టు కనిపిస్తే, బలహీనుడితో తడబడ్డారని అనుకోకూడదు. ఆ 1550 ఇప్పటి లెక్కలో 1730.

గేములు మూడు చోట్ల దొరుకుతాయి. ఒకటి చెస్‌బేస్ అనే కంపెనీ అమ్మే మెగా డేటాబేస్. రెండోది మార్క్ క్రౌథర్ 1994 నుంచి వారం వారం ఉచితంగా ఇస్తున్న 'ది వీక్ ఇన్ చెస్' ఫైళ్లు. మూడోది టోర్నమెంట్ నిర్వాహకులు స్వయంగా ఎంటర్ చేసి పెట్టే పీజీఎన్‌లు, అంటే గేముల ఎత్తులు రాసి ఉండే ఫైళ్లు. మన దగ్గర జరిగే చిన్న టోర్నమెంట్ల కింది బోర్డుల గేములు చాలాసార్లు ఎక్కడా ఉండవు. ఉచితంగా ఆన్‌లైన్‌లో చెస్ ఆడుకునే లైచెస్ సైట్‌లో ఒక యూజర్ పేరు ఇస్తే అతని ఓపెనింగ్‌లన్నీ చెట్టులా తెరిచి చూపే సౌకర్యం ఉంది. కానీ ఎదుటివారు తమ ప్రొఫైల్‌లో అసలు పేరు తామే పెట్టుకుంటే తప్ప నేను అటు పోను. దొంగచాటుగా ఐడీ కూపీ లాగడం పిల్లలకు నేర్పాల్సిన విద్య కాదు. పైగా మూడు నిమిషాల బ్లిట్జ్‌లో ఆడేది ఒకటి, తొంభై నిమిషాల ఆటలో ఆడేది ఒకటి. చెస్‌బేస్ కొనలేని తల్లిదండ్రులకు ఒక మాట: ఈ రాత్రి మేం చేసిన పని మొత్తం ఉచితంగా దొరికే సిడ్ అనే డేటాబేస్ ప్రోగ్రామ్‌తో, లైచెస్ స్టడీతో కూడా చేయొచ్చు.

నల్లపావులతో ఆయన గేములు నలభై దాకా దొరికాయి. 1.ఈ4కి ప్రతిసారీ కారో-కాన్, అంటే 1...సీ6 అనే జవాబు (అంకె తర్వాత మూడు చుక్కలుంటే అది నల్లపావుల ఎత్తు). చెస్‌బేస్‌లో ప్రత్యర్థికి తయారయ్యే బటన్ నొక్కితే ఒక్క నిమిషంలో ఓపెనింగ్‌ల పట్టిక వస్తుంది. చాలామంది పిల్లలు ఆ పట్టికలో శాతాలు చూసి ఆగిపోతారు. మా పట్టికలో కనిపించింది ఇది: అడ్వాన్స్ వేరియేషన్‌లో, అంటే 3.ఈ5 ఆడినవాళ్ల మీద, ఆయన వెంటనే 3...సీ5 ఆడి మంచి ఫలితాలు తెచ్చుకున్నారు. 3.నైట్ సీ3 లైన్లలో పావులు మార్చుకుంటూ పోయి ఎక్కువ డ్రాలు చేశారు. పానోవ్ ఎటాక్‌లో, అంటే డీ5లో బంట్లు మార్చుకుని 4.సీ4 ఆడే లైన్‌లో, ఐదే గేములు. ఒక గెలుపు, రెండు డ్రాలు, రెండు ఓటములు. ఐదు గేముల శాతానికి విలువ లేదు. ఒక్క గేము ఫలితం అటూ ఇటూ అయితే చాలు, ఆ శాతం ఇరవై మారిపోతుంది.

కాబట్టి శాతం మూసేసి గేములు తెరిచాం.

పానోవ్‌లో ఆయన గెలిచిన గేమ్‌ను ముందు చూశాం. ఇరవయ్యో ఎత్తు దగ్గర ఆయన పొజిషన్ కుప్పకూలిపోయి ఉంది. తెల్లపావులవాడు గెలిచే కాంబినేషన్ చూడలేక, తర్వాత ఒక రూక్ పోగొట్టుకున్నాడు. పట్టికలో అది ఆయన ఖాతాలో గెలుపు. డ్రాలు రెండూ కూడా అలాంటివే, ఆయన రాజు చుట్టూ తెల్లపావులు మూగాక భయపడి తెల్లవాడే ఎత్తులు రిపీట్ చేశాడు. అంటే ఐదింటిలో నాలుగు గేముల్లో ఓపెనింగ్ అయ్యేసరికి ఆయన ఇబ్బందిలో ఉన్నారు. ఈ సంగతి ఏ పట్టికా చెప్పదు.

తర్వాత ఎండ్‌గేములు, అంటే కొద్ది పావులే మిగిలిన ఆఖరి దశ. రూక్ ఎండింగ్‌లలో ఆయన చాలా గట్టివారు. ఒక బంటు తక్కువైనా మూడుసార్లు డ్రా లాగారు, సమానంగా ఉన్నవి రెండు గెలిచారు. మావాడు అలాంటి ఎండింగ్‌లోకి వెళ్తే ఏం జరుగుతుందో ఊహించుకోనక్కర్లేదు. క్వీన్లు బోర్డు మీద ఉండాలి, పావులు మార్చుకోకూడదు. ఆ రాత్రి మేం రాసుకున్న మొదటి వాక్యం ఇదే.

మూడోది టైమ్. లైవ్ ప్రసారం అయిన గేముల పీజీఎన్‌లో ప్రతి ఎత్తు పక్కనా గడియారం సమయం ఉంటుంది. చాలామంది దాన్ని చూడరు. నా దృష్టిలో ఎత్తుల తర్వాత అంత విలువైన సమాచారం మరొకటి లేదు. ఆయన గేముల్లో అలాంటివి కొన్ని ఉన్నాయి. పదో ఎత్తు దాకా గబగబా ఆడతారు. పదమూడు, పదిహేడు ఎత్తుల మధ్య ఒక్కో ఎత్తుకు పదిహేను, ఇరవై నిమిషాలు తీసుకుంటారు. అదీ పొజిషన్‌లో టెన్షన్ ఉన్నప్పుడే, అంటే పావులు కొట్టుకోకుండా ఎదురెదురుగా నిలిచి ఉన్నప్పుడే. పావులు మారిపోతే మళ్లీ వేగం వస్తుంది.

ఎదుటివారి సంగతి అయ్యాక, మావాడి సొంత డేటాబేస్ తెరిచాం. నా దగ్గర నేర్చుకునే పిల్లలందరి గేములూ, ఓడినవి సహా, ఎంటర్ చేయిస్తాను. అందులో కారో-కాన్ మీద మావాడు ఎప్పుడూ అడ్వాన్సే. సెంటర్ మూసుకుపోయిన ఆ పొజిషన్లలో ఓపిక పట్టలేక తొందరపడి బంట్లు తోసేస్తాడు. 1...సీ5తో మొదలయ్యే సిసిలియన్ మీద మాత్రం 2.సీ3, అంటే అలపిన్ ఆడతాడు. అందులో డీ4 మీద ఒంటరి బంటు (రెండు పక్కల నిలువు వరసల్లోనూ తోడు బంటు లేనిది) ఉండే పొజిషన్లు తరచూ వస్తాయి, ఆ గేములు చూస్తే వాడి చెయ్యి తిరిగి ఉంది. బిషప్ ఎటు తిరగాలి, రూక్ ఎక్కడ నిలవాలి అన్నది వాడికి ఆలోచించకుండానే వస్తుంది.

పానోవ్‌లో వచ్చేదీ అదే బంటు. 1.ఈ4 సీ6 2.డీ4 డీ5 3.ఈ×డీ5 సీ×డీ5 4.సీ4 నైట్ ఎఫ్6 5.నైట్ సీ3 ఈ6 6.నైట్ ఎఫ్3 బిషప్ ఈ7 7.సీ×డీ5 నైట్×డీ5 8.బిషప్ డీ3 నైట్ సీ6 9.క్యాస్లింగ్, క్యాస్లింగ్ 10.రూక్ ఈ1. ఓపెనింగ్ పేరు కొత్తదే గానీ, అక్కడ నిలిచే పొజిషన్ మావాడికి పాతదే. రాత్రికి రాత్రి కొత్త ఓపెనింగ్ నేర్పడానికి నేను ఒప్పుకోను. తెలిసిన మిడిల్‌గేమ్‌కు ఇంకో దారి చూపించడం వేరు.

వాళ్ల నాన్నగారు పక్కనే కూర్చుని స్టాక్‌ఫిష్ అనే చెస్ ఇంజిన్ చూస్తున్నారు.

"సార్, ఇంజిన్ దాదాపు సమానం అంటోంది కదా. అడ్వాన్స్‌లో కాస్త ఎక్కువ చూపిస్తోంది."

"నిజమేనండీ. కానీ ఆ ఎక్కువను నిలబెట్టుకోవడం మనవాడికి ఇంకా రాలేదు. ప్రత్యర్థికేమో అడ్వాన్స్ మీద జవాబు అరచేతిలో ఉంది."

ఆయన తల ఊపారు. మావాడు మాత్రం ఒక్కటే అడిగాడు: "సార్, బంటును డీ5కి ఎప్పుడు తోయాలి?" సరైన ప్రశ్న. మిగిలిన సమయమంతా దాని మీదే పెట్టాం.

ఇక్కడ డేటాబేస్ వాడే పద్ధతి కొంచెం వివరంగా చెప్పాలి. మోడల్ గేముల కోసం ఓపెనింగ్‌లకు ఇచ్చే కోడ్‌తో వెతికితే ఈ లైన్ బీ14లో దొరుకుతుంది. కానీ ఇదే పొజిషన్ సెమీ-టారష్ అనే మరో ఓపెనింగ్ నుంచి కూడా వస్తుంది, ఆ గేములు డీ42 కింద ఉంటాయి. కోడ్‌తో వెతికేవాళ్లు సగం గేములు చూడకుండానే పోతారు. బోర్డు మీద పొజిషన్ పెట్టి వెతికితే ఏ దారిలో వచ్చినా పట్టుకుంటుంది. అలా దొరికిన వాటిలో ఇద్దరు ఆటగాళ్లూ 2500 పైన ఉన్నవి మాత్రం ఉంచి, ఒంటరి బంటు డీ5కి దూకిన గేములను వేరు చేశాం. ఐదారు గేములు చాలు. వేరియేషన్లు బట్టీ పట్టకుండా, ఒక్కో గేమ్‌ను నిమిషంలో ఎత్తులు కదుపుతూ చూడాలి, డీ5 వచ్చిన చోట ఆగి, ముందు ఏ పావు ఎక్కడ ఉంటే అది పనిచేసిందో మాటల్లో చెప్పాలి. మావాడు చెప్పాడు, నేను రాశాను.

ప్రత్యర్థి ఐదు పానోవ్ గేముల్లో నాలుగింటిలో 6...బిషప్ ఈ7, ఒక్కదానిలో 6...బిషప్ బీ4. ఈ7 ఆడిన నాలుగింటిలోనూ పదో ఎత్తుకు డీ5లోని నైట్‌ను ఎఫ్6కి వెనక్కి తెచ్చారు. అక్కడి నుంచి 11.ఏ3 బీ6 12.బిషప్ సీ2 బిషప్ బీ7 13.క్వీన్ డీ3. ఇప్పుడు క్వీన్, బిషప్ ఒకే వరసలో హెచ్7 మీదకు చూస్తుంటాయి. నల్లపావులవాడు నిశ్చింతగా 13...రూక్ సీ8 ఆడితే 14.డీ5! అదిరిపోతుంది. 14...ఈ×డీ5 15.బిషప్ జీ5 తర్వాత ఎఫ్6 నైట్‌ను కొట్టి హెచ్7లో మేట్ చేసే బెదిరింపు. 15...జీ6తో ఆపబోతే 16.రూక్×ఈ7! క్వీన్×ఈ7 17.నైట్×డీ5 వచ్చి నల్ల క్వీన్ పోతుంది. ఇది పుస్తకాల్లో ఎప్పటి నుంచో ఉన్న ఎత్తుగడే. అయినా ప్రత్యర్థి రెండుసార్లు 13...రూక్ సీ8 ఆడారు, రెండుసార్లూ ఎదుటివాళ్లు డీ5 చూడలేదు. శిక్ష పడలేదు కాబట్టి మళ్లీ ఆడొచ్చు.

ఆడకపోతే? సరైన ఎత్తు 13...జీ6. దానికి 14.బిషప్ హెచ్6 రూక్ ఈ8 15.రూక్ ఏ నుంచి డీ1. హెచ్7 దారి మూసుకుంది కాబట్టి సీ2 బిషప్‌కు అక్కడ పని లేదు, బీ3కి వెళ్లి డీ5 వెనక నిలవాలి. 6...బిషప్ బీ4కి 7.సీ×డీ5 నైట్×డీ5 8.బిషప్ డీ2, ఆపైన బిషప్ డీ3, క్యాస్లింగ్. అంతే, ఇంకేమీ లోతుకు పోలేదు. మొత్తం ఫైలు ఒక్క పేజీ. పదిన్నరకు లాప్‌టాప్ మూసేయించాను. ఉదయం టిఫిన్ దగ్గర బోర్డు లేకుండా నోటితో ఒకసారి చెప్పించాను. ఎక్కడా ఆగలేదు.

కంప్యూటర్‌తో ప్రత్యర్థికి తయారవడం ఎంత తేడా తెస్తుందో ప్రపంచానికి మొదట చూపించింది మాజీ ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్. 1985లో హాంబర్గ్ జట్టులోని ఎనిమిది మందితో ఒకేసారి ఆడి 3.5–4.5తో ఓడిపోయారు. 1987లో అప్పుడే పుట్టిన చెస్‌బేస్‌తో వాళ్ల గేములన్నీ చూసుకుని మళ్లీ వెళ్లి 7–1తో గెలిచారు. ఆయన బలం ఆ రెండేళ్లలో అంత పెరగలేదు, ఎవరితో ఏ రకమైన పొజిషన్ ఆడాలో తెలిసింది. ఇప్పుడు పైస్థాయిలో ఇది జట్లుగా చేసే పని. 2024లో సింగపూర్‌లో చైనా ఆటగాడు డింగ్ లిరెన్ మీద గుకేశ్ 7.5–6.5తో ప్రపంచ టైటిల్ గెలిచినప్పుడు ఆయన వెనక పనిచేసిన బృందంలో మన హరికృష్ణ కూడా ఉన్నారు. మా పిల్లలకు ఈ సంగతి తప్పకుండా చెబుతాను. గుంటూరు నుంచి వెళ్లిన మనిషి ఆ పని చేశారంటే, అందులో మనకు అందనిదేమీ లేదని వాళ్లకు తెలియాలి.

ఇక గేమ్. మావాడు మూడో ఎత్తుకు డీ5లో బంటు కొట్టగానే ఆయన కుర్చీలో కాస్త వెనక్కి జరిగి ఆలోచించడం దూరం నుంచి చూశాను. 4.సీ4 దగ్గర ఇంకా ఎక్కువసేపు తీసుకున్నారు. 6...బిషప్ ఈ7 వచ్చింది. పదో ఎత్తుకు నైట్ ఎఫ్6 కూడా వచ్చింది. పన్నెండు ఎత్తులు ఫైల్లో ఉన్నట్టే నడిచాయి. 13.క్వీన్ డీ3 తర్వాత ఆయన పావుగంట పైగా ఆలోచించి 13...జీ6 ఆడారు. సరైన ఎత్తే.

14.బిషప్ హెచ్6 రూక్ ఈ8 15.రూక్ డీ1 రూక్ సీ8 16.బిషప్ బీ3. ఫైలు ఇక్కడితో అయిపోయింది. ఇక వాడి ఆట. ఆయనకు 16...నైట్ ఏ5 ఆడి బిషప్‌ను తరిమే అవకాశం ఉంది, దానికి వాడు 17.బిషప్ ఏ2 అని మనసులో అనుకున్నాడట. మరో ఇరవై నిమిషాలు గడిచాక 16...ఏ6 వచ్చింది. నెమ్మదైన ఎత్తు. వెంటనే 17.డీ5!

17...ఈ×డీ5 18.నైట్×డీ5 నైట్×డీ5 19.బిషప్×డీ5. ఇప్పుడు ఎఫ్7లో బిషప్ చెక్‌తో పడితే డీ8లోని క్వీన్ పోతుంది. 19...క్వీన్ సీ7 తప్పలేదు. 20.నైట్ జీ5! ఎఫ్7 మీదకు రెండో పావు. ఆయన అలవాటు ప్రకారం పావులు మార్చుకునే దారి ఎంచుకున్నారు: 20...బిషప్×జీ5 21.బిషప్×జీ5 రూక్×ఈ1 చెక్ 22.రూక్×ఈ1. మారిపోయింది నల్లగళ్ల బిషప్, ఆయన రాజుకు మిగిలిన ఒకే ఒక్క కాపలా అది. ఎఫ్6, హెచ్6 గళ్లు బావురుమంటున్నాయి. వాటిని రాజుతోనే కాయాలని 22...కింగ్ జీ7 ఆడారు. అప్పటికి ఆయన గడియారంలో నాలుగు నిమిషాలే ఉన్నాయి. 23.క్వీన్ సీ3 చెక్, ఆయన చెయ్యి అందించారు. 23...ఎఫ్6కి 24.క్వీన్×ఎఫ్6 మేట్. 23...కింగ్ ఎఫ్8కి 24.క్వీన్ హెచ్8 మేట్. 23...కింగ్ జీ8కి 24.బిషప్ హెచ్6, జీ7లో మేట్ ఆపాలంటే పావు ఇచ్చుకోవాల్సిందే, ఎఫ్ బంటు డీ5 బిషప్‌కు చిక్కి కదలలేదు.

గేమ్ అయ్యాక ఆయన మావాడిని బయట టేబుల్ దగ్గర కూర్చోబెట్టుకుని అరగంట ఓపిగ్గా అనాలిసిస్ చేశారు. పెద్ద మనసు. తానూ రాత్రి మావాడి గేములు చూశానని, అన్నీ అడ్వాన్సే కాబట్టి 3...సీ5 లైన్ తాజా చేసుకుని వచ్చానని చెప్పారు. "పానోవ్ నీ గేముల్లో ఒక్కటీ లేదే బాబూ" అన్నారు. తయారీలో ఈ సగాన్ని ఎవరూ పట్టించుకోరు: ఎదుటివారి గేములు చూసే ముందు, మన పేరు కొట్టి వాళ్లకు ఏం కనిపిస్తుందో చూసుకోవాలి. మావాడి ఫైల్లో అడ్వాన్స్ తప్ప మరొకటి లేకపోవడమే ఆ ఉదయం మాకు పెద్ద ఆయుధం అయింది.

ఇంటికి వచ్చాక గేమ్‌ను ఇంజిన్ లేకుండా ముందు వాడి చేత రాయించాను. ఏ ఎత్తు దగ్గర ఏం అనుకున్నాడు, ఎంత సేపు తీసుకున్నాడు అన్నది. ఆ తర్వాతే స్టాక్‌ఫిష్ పెట్టాం. ఈ వరస మారకూడదు. ఇంజిన్ ముందు మాట్లాడితే పిల్లవాడు తన ఆలోచన మరిచిపోయి దాని ఆలోచననే తనదిగా చెబుతాడు.

ఆ టోర్నమెంట్ నిర్వాహకులు గేములన్నీ ఎంటర్ చేసి పెట్టారు. అంటే ఇప్పుడు మావాడి పేరు కొట్టే ప్రతివారికీ పానోవ్ గేమ్ ఎదురుగా కనిపిస్తుంది, పదో ఎత్తుకు నైట్ ఎఫ్6 బదులు 10...బిషప్ ఎఫ్6 చూసుకుని వస్తారు. అందుకే రెండు పనులు మొదలుపెట్టాం. ఒకటి, ఆ 10...బిషప్ ఎఫ్6 మీద 11.బిషప్ ఈ4 గేములు చదవడం. రెండోది 4.సీ4 బదులు 4.బిషప్ డీ3 ఆడే ఎక్స్‌చేంజ్ వేరియేషన్, 1970లో బెల్‌గ్రేడ్‌లో మాజీ ప్రపంచ ఛాంపియన్ పెట్రోసియాన్ మీద అమెరికా గ్రాండ్‌మాస్టర్ ఫిషర్ ఆడి గెలిచినది. అందులో ఒంటరి బంటు రాదు, ఆట నెమ్మదిగా నడుస్తుంది, మావాడికి ఓపిక నేర్పడానికి కూడా అది పనికొస్తుంది. ఫిషర్ ఆడిన ఆ గేమ్‌ను వాడు తన నోట్‌బుక్‌లో ఎక్కించడం మొదలుపెట్టాడు.